తాంబూలంలో వంగనారు

జ్ఞానప్రసూన ఉద్యోగ జీవితాన్ని ఒక్క వాక్యంలో చెప్పాలంటే, ‘ఇది పనిచేయడం లేదు’ అని చెప్పడమే ఆమె ఉద్యోగం. సన్నీవేల్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆమె రెండు దశాబ్దాల పాటు టెస్టరుగా పనిచేసింది. ఎవరో నిద్రమాని రాసిన ప్రోగ్రామును విరగ్గొట్టి, అది ఎక్కడ విరిగిందో, ఏం చేస్తే మళ్ళీ అక్కడే విరుగుతుందో రాసి పంపేది. విడుదల తేదీ దగ్గర పడ్డాక మేనేజర్లు కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చునేవారు. ‘‘ప్రసూనా, చిన్న ఇష్యూనే కదా, ఈసారికి ఓకే చేసెయ్’’ అని బతిమాలేవారు. ఆమె చేసేది కాదు. అది తండ్రి నుంచి వచ్చిన గుణం. ఆయన రాజమండ్రి రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమస్తా. కట్టు వదులుగా ఉన్న మూటను, అది స్టేషన్ మాస్టరు బావమరిదిదే అయినా, బండి ఎక్కనిచ్చేవాడు కాదు.

యాభై ఆరో ఏట కంపెనీ ఆమెను తీసేసింది. కేకు కోయించి, చేతికి పూలగుత్తి ఇచ్చి మరీ తీసేసింది. ఆమె ఆ పూలగుత్తిని ఇంటికి తెచ్చి కంపోస్టు డబ్బాలో వేసి, ‘‘కనీసం మట్టికైనా ఓకే అవుతుంది’’ అంది భర్త చక్రపాణితో. ఆ వసంతంలోనే, ఏళ్ళ తరబడి వెయిటింగ్ లిస్టులో ఉన్న ఆమె పేరు పైకి వచ్చి, కమ్యూనిటీ గార్డెన్‌లో, అంటే ఊళ్ళోవాళ్ళు తలా ఒక మడి తీసుకుని సాగుచేసుకునే తోటలో, ఒక ప్లాటు దొరికింది. పార పట్టడం, పాదు తీయడం, మొక్కకు మొక్కకు మధ్య ఎంత ఎడం ఉండాలో తెలుసుకోవడం, అన్నీ ఆమె అక్కడే నేర్చుకుంది. పుట్టింట్లో ఆమె పెంచినది ఒక్క తులసి మొక్క. అది కూడా రెండుసార్లు ఎండిపోయింది.

ఆ తోటలో ప్లాట్లు ఉన్నవాళ్ళు సగానికి సగం తెలుగువాళ్ళే. ఆదివారం పొద్దున వెళితే గోంగూర మళ్ళు, పొట్ల పందిళ్ళు, కాకర తీగలు, వాటి మధ్య రెండు రాష్ట్రాల యాసలు, హెచ్-వన్ వీసా కబుర్లు, లేఆఫ్ కబుర్లు. ఒక్కటే చిక్కు ఉండేది. వేసవి సెలవులు రాగానే చాలా కుటుంబాలు ఇండియా వెళ్ళేవి. వాళ్ళు తిరిగి వచ్చేసరికి వాళ్ళ ప్లాట్లలో పిచ్చితోటకూర నడుమెత్తు పెరిగి, విత్తనం రాల్చి, ఇరుగుపొరుగు మళ్ళను కూడా ముంచెత్తేది. అందుకని కమిటీ ఒక నియమం పెట్టింది. వేసవిలో ఏ ప్లాటూ పంట లేకుండా ఉండకూడదు. ఉంటే ఒక హెచ్చరిక, అప్పటికీ మారకపోతే ఆ ప్లాటు వెయిటింగ్ లిస్టులో తరువాతివారికి. ఆ నియమాలను ఎక్కడా సందు లేకుండా రాసే పనిని కమిటీ జ్ఞానప్రసూనకే అప్పగించింది. లొసుగులు వెతకడమే వృత్తిగా బతికిన మనిషి కంటే ఆ పనికి తగినవారెవరు?

కమిటీ ప్రెసిడెంటు రాధారాణిది గుంటూరు. ఊళ్ళో ఏ ఇంట్లో బాలింత ఉన్నా పథ్యం క్యారేజీ ఆమె ఇంటి నుంచే వెళ్ళేది. కొత్తగా వచ్చిన జంటలకు మంచం, మిక్సీ, డ్రైవింగ్ నేర్పే మనిషి, అన్నీ ఆమే వెతికిపెట్టేది. ఆమెకు మంచి హస్తవాసి ఉందని ప్రతీతి. ఆమె చేత్తో నాటితే ఎండుపుల్ల కూడా చిగురు వేస్తుందనేవారు. ఆ పేరంటే ఆమెకు ప్రెసిడెంటు పదవి కంటే మక్కువ. ప్రతి ఉగాదికీ ఆడవాళ్ళందరినీ ఇంటికి పిలిచి, బొట్టు పెట్టి, తాంబూలంతో పాటు ఒక పేపరు కప్పులో వంగనారు ఇచ్చేది. ఆ నారును ఆమె తన ప్లాటు మట్టిలోనే పెంచేది. గుత్తివంకాయకు సరిగ్గా సరిపోయే, నీలపు చారల పొట్టి కాయ అది. ఆ కప్పు అందుకుంటే ఆ ఊరి తెలుగువాళ్ళ లెక్కలోకి ఎక్కినట్టే.

జ్ఞానప్రసూన కూడా అందుకుంది, రెండు ఉగాదులు. మొదటి ఏడు కాపు ఫరవాలేదు. రెండో ఏడు జూలైలో, మొక్కలు మధ్యాహ్నం తల వాల్చి సాయంత్రానికి మళ్ళీ లేచేవి. ఆ తరువాత సాయంత్రం లేవడం కూడా మానేశాయి.

‘‘నీళ్ళు చాలట్లేదేమో’’ అన్నాడు చక్రపాణి.

‘‘దిష్టండీ ప్రసూన గారూ!’’ అంది పక్క ప్లాటు విజయశ్రీ. ‘‘పోయినేడు మీ కాయలు చూసి ఎంతమంది కుళ్ళుకున్నారో నేను కళ్ళారా చూశాను. ఒక నిమ్మకాయ, నాలుగు మిరపకాయలు కట్టి చూడండి.’’

‘‘మీరు కట్టారుగా. మీవి కూడా వాడిపోయాయి.’’

‘‘నాది చిన్న నిమ్మకాయ’’ అంది విజయశ్రీ.

జ్ఞానప్రసూన ఒక మొక్కను వేళ్ళతో సహా తవ్వి తీసింది. సన్నని పిల్లవేర్లు ఉండవలసిన చోట ముడులు ముడులుగా, బుల్లి అల్లం కొమ్ములు గుచ్చినట్టు బుడిపెలు ఉన్నాయి. ఆ వేరును సంచిలో కట్టుకుని లైబ్రరీకి వెళ్ళింది. అక్కడ శనివారాలు తోటపని సలహాలు చెప్పే వాలంటీర్లు కూర్చుంటారు. వాళ్ళలో ఒక పెద్దావిడ సంచి విప్పి చూస్తూనే సంగతి చెప్పేసింది. అది నులిపురుగు. కంటికి ఆనదు. వేరులో దూరి, అక్కడే కాపురం పెట్టి, వేరును బుడిపెలు కట్టిస్తుంది. నీరు పైకి ఎక్కనివ్వదు. మట్టితోనే వస్తుంది, మట్టితోనే పాకుతుంది. చెప్పుకు అంటిన మట్టి చాలు, పారకు అంటిన మట్టి చాలు, నారు వెంట వచ్చే గుప్పెడు మట్టి మరీ చాలు. ఇంత చెప్పి, ఆవిడ చివరగా ఒక ప్రశ్న వేసింది: ‘‘ఈ మొక్క ఎక్కడ నుంచి తెచ్చుకున్నావు?’’

ఆ ప్రశ్న జ్ఞానప్రసూనకు పాత ఉద్యోగాన్ని తిరిగి ఇచ్చినట్టయింది. ఆ వారమంతా తోటలో ప్లాటు ప్లాటుకూ తిరిగి, ఎవరి వంగ చచ్చింది, ఎవరి వంగ బతికింది, ఎవరి నారు ఎక్కడిది అని అడుగుతూ పోయింది. నర్సరీలో నారు కొన్నవారి మొక్కలు నిక్షేపంగా ఉన్నాయి. చచ్చినవాటి వేళ్ళలో బుడిపెలున్నాయి. బుడిపెలున్న మొక్కలన్నీ కప్పులోంచి వచ్చినవే. మరి రాధారాణి మొక్కలు ఎందుకు చావలేదు? ఆమె పోసే నీరు, వేసే ఎరువు అలాంటివి. రోగి ప్రాణం పోకుండా రోజూ సెలైను ఎక్కించినట్టు, ఆ మొక్కలు పడిపోకుండా నిలబడుతున్నాయి. కాపు మాత్రం ఏటేటా తగ్గుతోంది. ఆమె వాతావరణాన్ని తిడుతోంది.

జ్ఞానప్రసూన ఈ మాటను నలుగురిలో పెట్టకుండా ముందు రాధారాణితోనే చెప్పింది. రాధారాణి పకపకా నవ్వింది.

‘‘నా మట్టిలో పురుగా? మీ సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయండీ బగ్గులు. మట్టి మహాలక్ష్మి.’’

చలికాలం గడిచి ఉగాది వచ్చింది. రాధారాణి ఇంట్లో హాలు నిండా పట్టుచీరలు. బల్ల మీద వరుసగా కప్పులు, ఒక్కో కప్పులో రెండేసి లేత మొక్కలు. జ్ఞానప్రసూన వంతు వచ్చింది. బొట్టు పెట్టించుకుంది. తమలపాకులు, వక్క, అరటిపండు, జాకెట్టు గుడ్డ కొంగులో పట్టింది. కప్పు అందించబోతే మాత్రం చెయ్యి వెనక్కి తీసుకుంది.

‘‘ఇది వద్దండీ, రాధారాణి గారూ.’’

‘‘అదేమిటి, ప్లాటులో చోటు లేదా?’’

‘‘చోటుంది. ఈ మట్టి నా మట్టిలో కలవడం నాకిష్టం లేదు. పోయినేడే చెప్పాను కదా.’’

తాంబూలంలో ఇచ్చినదాన్ని కాదనడం అక్కడున్న ఎవరూ కనలేదు, వినలేదు. నచ్చని ప్లాస్టిక్ డబ్బా ఇచ్చినా పుచ్చుకుని, వచ్చే పేరంటానికి దాన్నే ఇంకొకరికి ఇస్తారు గానీ, ఇచ్చినామె ఎదుట కాదనరు.

‘‘పండగపూట నా చేతికి దోషం అంటగడుతున్నారా?’’ అంది రాధారాణి.

‘‘పిలిచి పిల్లనిస్తానంటే కులం తక్కువ అన్నాడట వెనకటికొకడు’’ అంది విజయశ్రీ గాలిలోకి చూస్తూ.

‘‘పిల్ల సంగతి నాకు తెలియదు విజయశ్రీ గారూ. ఇది నులిపురుగు. ఒక్కసారి గడప దాటిందంటే మళ్ళీ పుట్టింటికి పోదు’’ అని, జ్ఞానప్రసూన కప్పును మిగతా కప్పుల వరుసలోనే జాగ్రత్తగా తిరిగి పెట్టి, ఇచ్చినామెకు నమస్కారం చేసి బయటికి వచ్చింది.

బయట కారులో కూర్చున్న చక్రపాణి ఆమె చెప్పింది విని, ఆడవాళ్ళు ఒక్కొక్కరే కప్పులతో బయటికి వచ్చేదాకా కారు తీయలేదు. రాధారాణి భర్త కొండల్ రావు, ఆయనా శుక్రవారం పేకాటలో జోడీ. ఆ జోడీ ఇక ఉండదని ఆయన బెంగ.

‘‘తీసుకుని, ఇంటికి వచ్చాక పారేస్తే సరిపోయేది కదా ప్రసూనా?’’

‘‘సరిపోయేదండీ, నా ఒక్క ప్లాటుకి. బల్ల మీద ఉన్న మిగతా కప్పులకో?’’

‘‘నువ్వు ఇంత గొడవ చేసినా అందరూ పట్టుకెళ్ళారుగా. ఏం మారింది?’’

‘‘అందరూ కాదు. నా వెనక ఇద్దరు మర్చిపోయినట్టు వదిలేసి వచ్చారు. నేను చూశాను.’’

కప్పు కాదనడంతో పని అయిపోలేదు. పురుగు అప్పటికే ఆమె మట్టిలో ఉంది. దానికి లైబ్రరీ ఆవిడ చెప్పిన వైద్యం ఎండ. మండు వేసవిలో మడిని శుభ్రంగా కలుపు తీసి, చదును చేసి, లోతుగా తడిసేలా నీరు పెట్టి, పైన పల్చటి పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టాను మట్టికి ఆనుకునేలా బిగించి పరచాలి. అంచులను కాలువ తీసి పాతిపెట్టాలి. లోపల మట్టి ఉడుకుతుంది. పైపొరలో ఉన్న కలుపు విత్తనాలు, తెగులు బూజులు, నులిపురుగు చాలావరకు చస్తాయి. అన్నీ చావవు. తుంగ గడ్డలు మొండివి, వాటిని చేత్తో తవ్వి తీయవలసిందే. ఇంకా లోతున దాగిన పురుగు ఒకటి రెండేళ్ళలో తిరిగి రావచ్చు. పైగా సన్నీవేల్ ఎండ లోపలి లోయల ఎండ కాదు. సముద్రం వైపు నుంచి వచ్చే పొద్దుటి మబ్బు ఇక్కడ కొంత వేడిని తినేస్తుంది. కాబట్టి నెలతో ఆపకుండా, వీలైతే ఆగస్టు చివరిదాకా ఉంచమంది ఆవిడ. ఈ పరిమితులన్నీ తెలిసే జ్ఞానప్రసూన జూన్ చివరి వారంలో పట్టా పరిచింది.

కొండల్ రావు నీళ్ళ పైపు పట్టుకుని అటుగా పోతూ ఆగాడు. ఆయనది కరీంనగర్. భార్యకూ ఈమెకూ మాటలు లేకపోయినా ఆయన మాట్లాడడం మానలేదు.

‘‘ఏందమ్మా గిది, తెల్లది ఏసినవ్? నల్లది ఎయ్యాలె గదా? నల్లదైతే మస్తు వేడెక్కుతది.’’

‘‘నల్లదైతే పట్టా వేడెక్కుతుందన్నయ్యా, మట్టి కాదు. మీ కారు ఎండలో అద్దాలు ఎత్తి పెడితే లోపల ఏమవుతుంది?’’

‘‘స్టీరింగు ముట్టనియ్యది.’’

‘‘అద్దం తెల్లదే కదా.’’

ఆయన కొంచెం ఆలోచించి, ‘‘మంచిగనే చెప్పినవ్ గని, మా ఆమె ముంగట అనకు’’ అని పైపు ఈడ్చుకుంటూ పోయాడు.

తోట వాట్సాప్ గ్రూపులో ఆ పట్టా ఫొటో తిరగడానికి రెండు రోజులు కూడా పట్టలేదు. ‘కొత్త స్విమ్మింగ్ పూల్ ఓపెన్’ అన్నారొకరు. ‘వంకాయలకు ఏసీ గది’ అన్నారు ఇంకొకరు. ఆ నవ్వుల వెనకే కమిటీ హెచ్చరిక వచ్చింది. వేసవిలో ప్లాటు పంట లేకుండా ఉందని, కారణం చెప్పుకోవాలని, జూలై నడిమి ఆదివారం సాయంత్రం సమావేశం అని.

పనిముట్ల షెడ్డు నీడలో కుర్చీలు వేశారు. ఎవరో మిరపకాయ బజ్జీలు తెచ్చారు. రాధారాణి ఫోను చూస్తూ నియమాన్ని చదివి వినిపించింది. చదువుతుంటే జ్ఞానప్రసూన తన వాక్యాలను తానే వింటూ కూర్చుంది. సందు లేకుండా రాయడం అంటే ఏమిటో ఆమెకు ఇప్పుడు తెలుస్తోంది.

‘‘ఇది మేం రాసింది కాదు, ప్రసూన గారే రాశారు’’ అంది రాధారాణి. ‘‘ఊళ్ళో లేనివాళ్ళకి ఒక రూలు, ఊళ్ళో ఉండి పట్టా కప్పినవాళ్ళకి ఒక రూలు ఉండదు కదా. వచ్చే ఆదివారంలోగా పట్టా తీసి ఏదో ఒకటి నాటండి. నాలుగు గోంగూర మొక్కలైనా చాలు. ప్లాటు మీదే. ఎవరూ కాదనరు.’’

అది నిజంగా మెత్తని మాట. అక్కడున్నవారంతా జ్ఞానప్రసూన వైపు చూశారు. చక్రపాణి ఆమె మోచేతిని తట్టి, ‘‘ఒప్పుకో’’ అని పెదవులు కదిపాడు.

‘‘అన్నం సగం ఉడికాక గిన్నె దించి, రెండు వంకాయలు పడేసి కూర వండమన్నట్టుంది’’ అంది ఆమె. ‘‘ఇప్పుడు తీస్తే పురుగు సగం చస్తుంది. ఆ మిగిలిన సగానికి నేను గోంగూర వడ్డించాలా?’’

‘‘మొండివాడు రాజు కంటే బలవంతుడని ఊరికే అన్నారా’’ అంది విజయశ్రీ.

‘‘పోయిన వేసవి ఎవరెవరి వంగ చచ్చిందో చేతులెత్తండి’’ అంది జ్ఞానప్రసూన.

ఎవరూ ఎత్తలేదు. బజ్జీల పళ్ళెం మాత్రం ఒక చేతి నుంచి ఇంకొక చేతికి మారింది. పక్కకి పిలిచి అడిగినప్పుడు తమ మడి కష్టాలన్నీ వెళ్ళబోసుకున్న మనుషులే వాళ్ళు. ప్రెసిడెంటు ఎదుట ఆమె కప్పు మీద ఎవరికీ నోరు రాలేదు.

‘‘ప్లాటు కావాలా, పట్టా కావాలా, తేల్చుకోండి’’ అంది రాధారాణి.

ఆ ప్లాటు కోసం ఆమె ఏళ్ళు కాచుకుంది. ఉద్యోగం పోయిన ఏడాది పొద్దున్నే లేచి వెళ్ళడానికి ఆమెకు మిగిలిన చోటు అదొక్కటే. పందిరి గుంజలు తనే పాతింది. పుదీనా కొసను పట్టి లాగితే ఏ వైపు వేరు తెగుతుందో ఆ మట్టిలో ఆమెకు తెలుసు. రాధారాణి మళ్ళీ ఫోనులోకి చూసి, నియమంలో ఆఖరి వాక్యాలు కూడా చదవసాగింది. వెయిటింగ్ లిస్టులో తరువాతివారికి అప్పగించే పద్ధతి, తాళం, గడువు. ఆ మాట దగ్గర జ్ఞానప్రసూన తల ఎత్తింది.

‘‘పట్టానే’’ అంది. ‘‘ప్లాటు తీసేసుకోండి.’’

ఇంటికి వెళ్ళే దారిలో చక్రపాణికి మొదటిసారి నిజంగా కోపం వచ్చింది. ‘‘ఏం సాధించావని? రేపు కొత్తగా వచ్చినవాళ్ళు పొద్దున్నే పట్టా పీకేస్తారు. అటు ప్లాటూ పోయె, ఇటు పట్టా పోయె.’’

‘‘పీకేయవచ్చు’’ అంది ఆమె. ‘‘పీకకపోనూ వచ్చు. ప్లాటు నేను ఉంచుకుంటే కచ్చితంగా పీకాలి.’’

వెయిటింగ్ లిస్టులో తరువాతి పేరు నమ్రతది. వరంగల్ పిల్ల. పెళ్ళై వచ్చి మూడేళ్ళు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో కొత్తిమీర తప్ప ఏమీ పెంచి ఎరగదు. జూలై ఆఖరున తాళం తీసుకోవడానికి వచ్చి, ప్లాటు ముందు చెప్పుల్లో కాలివేళ్ళు ముడుచుకుని నిలబడింది.

‘‘సారీ ఆంటీ. మీ ప్లాట్ నేను గుంజుకున్నట్టు అనిపిస్తుంది.’’

‘‘నువ్వేం గుంజుకోలేదు. నేనే ఇచ్చేశాను. ఇదిగో తాళం. ఇక ఇది నీ ప్లాటు. పట్టా తీయాలంటే ఇప్పుడే తీసేయచ్చు, నేను ఏమీ అనను.’’

‘‘తీస్తే ఏమైతది?’’

జ్ఞానప్రసూన చెప్పింది. బుడిపెలు, ఉడకడం, ఎండ, మబ్బు, చావనిది ఏదో కూడా దాచకుండా చెప్పింది. నమ్రత వంగి పట్టా మీద చెయ్యి పెట్టి, చురుక్కుమనగానే తీసేసుకుంది.

‘‘అమ్మో! పెనం లెక్కనే ఉంది. మరి ఉంచితే నా మీద కూడా యాక్షన్ తీసుకుంటరు కదా ఆంటీ?’’

‘‘తీసుకోలేరు. కొత్తగా ప్లాటు అందుకున్నవాళ్ళకి పంట వేయడానికి నెల గడువు ఉంది. మట్టి బాగుచేసుకోవడానికి అని రాసి ఉంది అందులో.’’

‘‘నెలా?’’ నమ్రత వేళ్ళ మీద లెక్క కట్టింది. ఆమె మొహంలోకి మెల్లగా నవ్వు వచ్చింది. ‘‘అంటే ఆగస్టు చివరిదాకా. ఆంటీ, మీరు మీటింగులో అందుకే ప్లాట్ వదిలేసిన్రా? సీరియస్‌గా?’’

‘‘పాత మనిషికి ఒక్క వారం, కొత్త మనిషికి నెల. నేను రాసిన రూలే. మట్టికి మనుషుల పేర్లతో పనేమిటి, దానికి కావలసింది వారాలు.’’

‘‘మరి మీకేం వస్తది?’’

‘‘నాకేం రాదు. లిస్టులో అట్టడుగున మళ్ళీ పేరు రాయించాను.’’

నమ్రత తాళం చెవిని అరచేతిలో తిప్పింది. ‘‘నేను తియ్య’’ అంది చివరికి. ‘‘బాల్కనీలో ఇన్ని దినాలు ఆగిన, ఇంకో నెల ఆగలేనా?’’

ఆగస్టు మొదటి వారంలో రాధారాణి స్వయంగా జ్ఞానప్రసూన ఇంటికి వచ్చింది. తలుపు తీయగానే, లోపలికి రాకుండానే అడిగింది.

‘‘ఆ పిల్లతో మీరే చెప్పించారా, నెల గడువు ఉందని?’’

‘‘నేను చెప్పాను. చెప్పింది నిజమా కాదా?’’

‘‘నిజం సంగతి కాదండీ. నలుగురిలో నా మాట కాదన్నారు. నా చేతి మీద మాట పడింది. మా అమ్మ నారు పోస్తే మా వీధి వీధంతా తీసుకెళ్ళేవాళ్ళు తెలుసా? ఆ హస్తవాసే నాకు వచ్చిందని ఇక్కడ అందరూ అంటుంటే...’’ ఆమె కళ్ళు తడిశాయి.

ఆ కన్నీళ్ళు చూసి మెత్తబడాలని జ్ఞానప్రసూనకు అనిపించకపోలేదు. ఈ ఊరికి కొత్తగా వచ్చినప్పుడు తన మొదటి మిక్సీ ఎవరు వెతికిపెట్టారో ఆమె మరిచిపోలేదు. అయినా ఏది మెత్తగా చెప్పవచ్చో, దేన్ని మెత్తబరచకూడదో తూచి మాట్లాడడం ఆమెకు ఇరవై ఏళ్ళ అలవాటు.

‘‘మీ చేతిలో ఏ దోషమూ లేదండీ. చేతికి అంటుకున్న మట్టిలో ఉంది. నర్సరీ మట్టి సంచి కొని అందులో నారు పోయండి, అదే చెయ్యి, అదే కప్పు. మొదటి కప్పు నేనే అడిగి తీసుకుంటాను. మీ మడి మట్టితో ఇస్తే మాత్రం వచ్చే ఉగాదికీ కాదంటాను, ఆ పై ఉగాదికీ కాదంటాను.’’

‘‘అంటే మీరు మారరు.’’

‘‘పురుగు మారితే మారతాను. లోపలికి రండి, కాఫీ పెడతాను.’’

‘‘వద్దు.’’

‘‘పోనీలెండి. నేను మీ కప్పు వద్దన్నాను, మీరు నా కప్పు వద్దన్నారు. చెల్లుకు చెల్లు.’’

రాధారాణి నవ్వబోయి, తమాయించుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆగస్టు ఆఖరి ఆదివారం నమ్రత పట్టా తీస్తానని ఫోను చేసింది. జ్ఞానప్రసూన గేటు దగ్గరికి వెళ్ళేసరికి విజయశ్రీ అడ్డంగా నిలబడి ఉంది.

‘‘ఏమీ అనుకోకండి ప్రసూన గారూ. మెంబర్లు కానివాళ్ళు లోపలికి రాకూడదట. రూల్.’’

‘‘తెలుసు. అది కూడా నేనే రాశాను.’’

ఆమె వెనక్కి తిరిగి, కంచె చుట్టూ నడిచి, తన పాత ప్లాటుకు ఎదురుగా రోడ్డు పక్కన నిలబడింది. ఇనుప జాలీ సందుల్లోంచి అన్నీ కనిపిస్తున్నాయి. నమ్రత అంచులు తవ్వి పట్టా చుట్టసాగింది. కింద మట్టి నున్నగా, గోధుమ రంగులో, ఒక్క పచ్చని పోచ కూడా లేకుండా బయటపడింది. దూరపు మూలన తుంగ ఒకటి రెండు చోట్ల సూది మొన పెట్టింది. దాన్ని చూసి జ్ఞానప్రసూన మూతి బిగించింది. అది ఆమె ఊహించినదే. పురుగు ఎంత చచ్చిందో వచ్చే వేసవిలో వేళ్ళు పీకి చూసేదాకా తెలియదు.

‘‘పార లోతుగా దించకు నమ్రతా!’’ అని కేక వేసింది. ‘‘ఉడికింది పైమట్టే. అడుగుమట్టి పైకి తెచ్చావంటే పురుగును తెచ్చినట్టే. పైపైన గీరి మెంతులు చల్లు, చాలు.’’

‘‘ఓకే ఆంటీ!’’

కేకలు విని రాధారాణి తన ప్లాటు నుంచి వచ్చింది. ఆమె వెనక కొండల్ రావు, మరికొందరు పనులు వదిలి వచ్చి నిలబడ్డారు. నున్నటి ఆ మట్టిని చూసి ఇద్దరు వంగి పట్టా మందాన్ని వేళ్ళతో నలిపి చూశారు.

‘‘మెంబరు కాదు, ప్లాటు లేదు’’ అంది రాధారాణి కంచె దగ్గరికి వచ్చి. ‘‘ఇక్కడ నిలబడి ఈ అజమాయిషీ ఏమిటండీ?’’

‘‘మీ కంచె ఇక్కడితో అయిపోయింది రాధారాణి గారూ. ఇది సిటీ ఫుట్‌పాత్. దీనికి వెయిటింగ్ లిస్టు లేదు’’ అంది జ్ఞానప్రసూన. ఆ వెంటనే జాలీని రెండు చేతులా పట్టుకుని మునివేళ్ళ మీద లేచి, ‘‘నమ్రతా, ఆ పార ఎవరిది? కడిగావా? కడగకుండా మడిలో పెట్టకు!’’ అని తోటంతా వినబడేలా అరిచింది.